మెయిల్‌కు ఒక దారి, ఫైల్‌కు ఇంకో దారి: ఎన్నాళ్లు ఉంచాలో తేల్చుకోవడం ఎలా

నేను పనిచేసిన ఒక సంస్థలో ఒప్పందాల ఫోల్డర్‌కి ఒక నియమం ఉండేది. 5 ఏళ్లు దాటిన ఫైల్ దానంతటదే డిలీట్ అయిపోవాలి. ఆ నియమం పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు, 5 ఏళ్లంటే బోలెడు సమయం అనుకున్నారు. ఆ ఫోల్డర్లో 7 ఏళ్ల గడువుతో రాసుకున్న మెయింటెనెన్స్ ఒప్పందం ఒకటుంది. ఆరో ఏడు ఒక బిల్లు దగ్గర పేచీ వచ్చింది. ఒప్పందంలో ఏం రాసుకున్నామో చూద్దామని వెతికితే ఫైల్ లేదు. లెక్క ఫైల్ తయారైన రోజు నుంచి నడిచింది కాబట్టి ఒప్పందం ఇంకా అమల్లో ఉండగానే దాని పత్రం పోయింది. చివరికి పేచీ ఎవరితో ఉందో వాళ్లనే అడిగి నకలు తెప్పించుకున్నాం.

అప్పటి నుంచి ఎవరైనా "మెయిళ్లు ఎన్నేళ్లు ఉంచాలి, ఫైళ్లు ఎన్నేళ్లు ఉంచాలి" అని అడిగితే, నేను ముందు "ఏ రోజు నుంచి లెక్కపెడతారు" అని తిరిగి అడుగుతున్నాను. ఏళ్ల సంఖ్య చాలావరకు చట్టమే చెబుతుంది. భారత కంపెనీల చట్టం 2013 లెక్కల పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచమంటుంది. అమెరికాలో షేర్ల బ్రోకర్లకు వర్తించే 17ఎ-4 నిబంధన కొన్ని రికార్డులకు 6 ఏళ్లు, కొన్నిటికి 3 ఏళ్లు అంటుంది. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ సంఖ్యే చెప్పదు, వ్యక్తుల వివరాలను అవసరమైనంత కాలానికి మించి ఉంచొద్దని మాత్రం అంటుంది. మీ న్యాయ సలహాదారుతో కూర్చుంటే ఈ సంఖ్యలు తేలిపోతాయి. ఆ సంఖ్యను ఏ పద్ధతిలో అమలు చేయాలి, గడువు ఎప్పుడు మొదలవ్వాలి, ఎవరు మొదలుపెట్టాలి అన్న దగ్గరే సంస్థలు దారి తప్పుతున్నాయి. ఈ వ్యాసం దాని గురించే.

అన్నీ ఉంచేయడం, ఉద్యోగులకు వదిలేయడం

ఎవరూ ఏమీ తేల్చకపోతే ఈ రెండింట్లో ఏదో ఒకటి జరుగుతుంది. రెండూ వద్దనే నా సలహా. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది పెద్దలకు "ఉంచేస్తే పోయేదేముంది" అనే అనిపిస్తుంది.

2019లో బెర్లిన్ డేటా రక్షణ సంస్థ డాయిష్ వోనెన్ అనే ఇళ్ల అద్దెల కంపెనీకి 1.45 కోట్ల యూరోల జరిమానా వేసింది. కారణం డేటా దొంగతనం కాదు, ఆర్కైవ్, అంటే పాత రికార్డుల నిల్వ. అద్దెకున్నవాళ్ల వ్యక్తిగత వివరాలు ఆ ఆర్కైవ్‌లో పేరుకుపోయాయి, అవసరం తీరిన వాటిని తీసేసే ఏర్పాటు అందులో లేదు. ఆ జరిమానా మీద తర్వాత కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి, అది వేరే కథ. డిలీట్ చేసే వీలు లేకపోవడమే తప్పుగా లెక్కలోకి వచ్చిందన్నది మనం గమనించాల్సింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, 12 ఏళ్ల కిందటి ఉద్యోగ దరఖాస్తులు, వాటితో వచ్చిన గుర్తింపు కార్డుల కాపీలు ఇంకా సర్వర్లో ఉంటే, రేపు ఎవరైనా లోపలికి చొరబడినప్పుడు ఆ మనుషులందరికీ మీరే జవాబు చెప్పాలి. వాళ్లలో చాలామందికి మీ దగ్గర తమ కాగితాలు ఉన్నాయని కూడా గుర్తుండదు.

ఇక ఉద్యోగులకే వదిలేసే పద్ధతి. మెయిల్‌బాక్స్‌కి ఒక సైజు పెట్టి, నిండితే మీరే ఖాళీ చేసుకోండి అంటారు. అప్పుడు మనిషి చేసే పని ఒకటే, పాత మెయిళ్లన్నిటినీ పీఎస్‌టీ (ఔట్‌లుక్ మెయిళ్లను మూటకట్టే ఫైల్) గా లాప్‌టాప్‌లో దాచుకుంటాడు. ఆ ఫైల్ ఏ నియమానికీ అందదు. తీసేయాల్సినవి అందులో ఉండిపోతాయి, ఉంచాల్సినవి డిస్క్ పాడైన రోజున పోతాయి. మెయిల్‌బాక్స్ సైజు చిన్నగా పెట్టి ఉంటే, పాలసీ గురించి ఆలోచించే ముందే దాన్ని పెంచండి. పీఎస్‌టీలు తయారుచేసే వీలు ఆపేయండి.

మెయిల్: రాసినదాన్ని బట్టి కాదు, మెయిల్‌బాక్స్ ఎవరిదో చూసి

మెయిల్‌కి ఒక సుగుణం ఉంది. వచ్చిన తేదీ, పంపిన తేదీ మారవు. ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఏ రోజు నుంచి లెక్క అన్న చిక్కు దానికి దాదాపు లేదు. ఉన్న చిక్కల్లా, రోజుకు వందల మెయిళ్లలో ఏది ముఖ్యమో ఎవరు తేలుస్తారన్నదే.

ఒక దారి, ఉద్యోగి ప్రతి మెయిల్‌కీ లేబుల్ పెట్టడం. శిక్షణ ఇచ్చిన మొదటి నెల పెడతారు. పని ఒత్తిడి పెరిగాక పెట్టరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. రెండో దారి, అందరి మెయిళ్లకూ ఒకే గడువు. అమలు చేయడం తేలిక. కానీ పదేళ్ల కిందట తీసుకున్న పెద్ద నిర్ణయం వెనుక కారణాలు కావాలంటే అవి కూడా క్యాంటీన్ నోటీసులతో పాటే పోయుంటాయి.

మూడో దారే నాకు బాగా నచ్చింది. అమెరికా జాతీయ ఆర్కైవ్స్ 2013లో ప్రభుత్వ శాఖల ముందు "క్యాప్‌స్టోన్" అనే పద్ధతి పెట్టింది. ప్రతి మెయిల్‌నీ చదివి ముఖ్యమా కాదా అని తేల్చే పని మానేసి, ఆ మెయిల్‌బాక్స్ ఏ పదవిలో ఉన్నవాళ్లదో చూస్తారు. పైస్థాయి అధికారుల మెయిళ్లు శాశ్వతంగా ఉంటాయి. మిగతా ఉద్యోగులవి 7 ఏళ్లు, సహాయక సిబ్బందివి 3 ఏళ్లు ఉంటాయి. అంతే. ఉద్యోగి ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఏ బటనూ నొక్కనక్కర్లేదు.

ప్రైవేటు సంస్థలో దీన్ని వాడేటప్పుడు రెండు మార్పులు చేయాలి. శాశ్వతం అనే మాట తీసేసి, డైరెక్టర్లకు సైతం ఒక గడువు పెట్టాలి, ఎందుకంటే వాళ్ల మెయిళ్లలో కూడా వేరేవాళ్ల వ్యక్తిగత సంగతులుంటాయి. అలాగే హోదాని కాకుండా చేసే పనిని చూడాలి. కొనుగోళ్ల విభాగంలో చిన్న ఉద్యోగి మెయిల్‌బాక్స్‌లో ధరల బేరసారాలన్నీ ఉంటాయి, పెద్ద మేనేజర్ దగ్గర మీటింగ్ ఆహ్వానాలే ఉండొచ్చు. అకౌంట్స్, హెచ్ఆర్ లాంటి ఉమ్మడి మెయిల్‌బాక్సులను విడిగా లెక్కలోకి తీసుకోండి. అసలు రికార్డులు ఎక్కువగా ఉండేది వాటిలోనే, జాబితా రాసేటప్పుడు అందరూ మరిచిపోయేదీ వాటినే.

ఫైల్: ఉన్న చోటుని బట్టి, కొన్నిటికి మాత్రం సంఘటనని బట్టి

ఫైల్ కథ వేరు. అది పుడుతుంది, మారుతుంది, ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి వెళ్తుంది, కొత్త సిస్టమ్‌లోకి మారుతుంది. తయారైన తేదీ నుంచి లెక్కపెడితే మా ఒప్పందానికి పట్టిన గతి పడుతుంది. చివరిసారి మార్చిన తేదీ నుంచి లెక్కపెడితే, పాత ఫైల్లో ఎవరో ఒక కామా సరిచేసినా గడువు మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు తరలించేటప్పుడు కొన్ని టూల్స్ పాత తేదీలను నిలపవు. 2012 నాటి ఫైల్ తరలింపు రోజున పుట్టినట్టు కనిపిస్తుంది. తరలింపు చేసే ముందు పది ఫైళ్లతో పరీక్షించి తేదీలు నిలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఈ ఒక్క పని చేయక మొత్తం గడువుల లెక్క తప్పిపోయిన చోట్లు ఉన్నాయి.

అయితే చాలా ఫైళ్లకు ఇంత లోతు అక్కర్లేదు. మీటింగ్ నోట్సు, ప్రెజెంటేషన్లు, డ్రాఫ్టులు ఉన్న సైట్‌కి (ఉమ్మడి ఫైళ్లు పెట్టుకునే చోటు) మొత్తంగా చివరి మార్పు నుంచి 3 ఏళ్లో 5 ఏళ్లో అని పెట్టేస్తే సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లయితే దీన్ని రిటెన్షన్ పాలసీ అంటారు. ఒక మెయిల్‌బాక్స్‌కో సైట్‌కో మొత్తంగా వర్తిస్తుంది, ఉద్యోగి కంటికి కనిపించదు, ఫైల్ ఆ చోటు దాటితే పాలసీ దాని వెంట వెళ్లదు.

వెంట వెళ్లేది రిటెన్షన్ లేబుల్. ఇది ఒక్కో ఫైల్‌కి అంటుకుంటుంది, ఫోల్డర్ మారినా సంస్థ సిస్టమ్ లోపల ఉన్నంతవరకు దానితోనే ఉంటుంది. ఒక ఫైల్‌కి ఒకేసారి ఒక లేబులే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, "సంఘటన జరిగినప్పటి నుంచి" అని గడువు పెట్టే వీలు లేబుల్‌కే ఉంది, పాలసీకి లేదు. ఒప్పందం ముగిసినప్పటి నుంచి 7 ఏళ్లు, ఉద్యోగి మానేసినప్పటి నుంచి ఇన్నేళ్లు, ఒక ఉత్పత్తి అమ్మకం ఆపినప్పటి నుంచి ఇన్నేళ్లు. మా ఒప్పందం పోకుండా ఉండాలంటే కావాల్సింది ఇదే. గడువు తీరాక వెంటనే డిలీట్ చేయకుండా, ఒక మనిషి చూసి సరే అన్నాకే తీసేసే ఏర్పాటు కూడా లేబుల్‌తోనే వస్తుంది.

దీనికో బలహీనత ఉంది. సంఘటన జరిగిందని సిస్టమ్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే గడువు మొదలే కాదు, ఫైల్ ఎప్పటికీ ఉండిపోతుంది. ఈ పనిని ఐటీ వాళ్లకు అప్పగిస్తే జరగదు, ఒప్పందం ముగిసిన సంగతి వాళ్లకెలా తెలుస్తుంది? ఇప్పటికే జరుగుతున్న పనికి ముడిపెట్టాలి. ఉద్యోగి చివరి రోజు హెచ్ఆర్ వాళ్లు నింపే చెక్‌లిస్టులో ఇంకో గడి, ఒప్పందం మూసేటప్పుడు అకౌంట్స్ వాళ్లు చేసే పనుల్లో ఇంకోటి. అలా ముడిపెట్టలేని సంఘటనకు లేబుల్ తయారుచేయకండి.

లేబుళ్లు ఎన్ని ఉండాలి? నా అనుభవంలో ఉద్యోగి కంటికి ఏడెనిమిదికి మించి కనిపించకూడదు. 60 లేబుళ్ల జాబితా చూస్తే ఎవరైనా మొదటిదే ఎంచుకుంటారు.

సాఫ్ట్‌వేరే గుర్తుపట్టి లేబుల్ పెడితే?

ఖాతా నంబర్లు, గుర్తింపు సంఖ్యలు, ఒకే నమూనాలో ఉండే ఇన్‌వాయిస్‌లు, దరఖాస్తులు లాంటివాటిని సాఫ్ట్‌వేర్ బాగానే పడుతుంది. "ఈ మెయిల్లో ఒక ముఖ్యమైన నిర్ణయం ఉంది" అన్నది అంత నమ్మకంగా పట్టలేదు. మైక్రోసాఫ్ట్‌లో దీనికి పై స్థాయి లైసెన్స్ కావాలి. తీసుకుంటే మొదట సిమ్యులేషన్‌లో, అంటే ఉత్తుత్తిగా నడిపి, ఏవేవి పట్టుకుందో కళ్లతో చూసుకున్నాకే అమల్లో పెట్టండి. ఉంచడానికి వాడితే పొరపాటు జరిగినా పెద్ద నష్టం లేదు. డిలీట్ చేయడానికి మాత్రం మొదటి ఏడాది వాడొద్దు.

విడి ఆర్కైవ్ ఎవరికి?

వచ్చే, పోయే ప్రతి మెయిల్ నకలునీ అప్పటికప్పుడు వేరే చోట భద్రపరిచే సేవలున్నాయి. ఆర్థిక సేవల రంగంలాగా, రికార్డు మారలేదని రుజువు చూపించాల్సిన సంస్థలకు ఇవి అవసరం. అమెరికా 17ఎ-4 నిబంధన చాలాకాలం ఒకసారి రాస్తే మార్చలేని నిల్వనే కోరేది. 2022లో చేసిన సవరణతో, ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రయిల్ ఉన్నా ఒప్పుకుంటున్నారు.

బయటి సేవ తీసుకున్నంత మాత్రాన బాధ్యత వాళ్ల మీదికి పోదు. జేపీ మోర్గాన్ సెక్యూరిటీస్‌లో 2018 తొలి నెలల నాటి సుమారు 4.7 కోట్ల మెయిళ్లు, సందేశాలు 2019లో శాశ్వతంగా డిలీట్ అయిపోయాయి. ఆర్కైవ్ నడిపే వెండర్ వాటికి గడువు సరిగ్గా పెట్టి ఉంచాడనుకున్నారు, కానీ అది సరిగ్గా పడలేదు. 2023లో అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 40 లక్షల డాలర్ల జరిమానా కంపెనీకే వేసింది. మీ ఆర్కైవ్‌లో గడువు నిజంగా పనిచేస్తోందో లేదో ఏడాదికోసారి మీరే కొన్ని మెయిళ్లు తీసి చూడాలి.

ఇలాంటి చట్టపు ఒత్తిడి లేని సంస్థకు విడి ఆర్కైవ్ వద్దనే అంటాను. రెండు నకళ్లయితే రెండు చోట్ల డిలీట్ చేయాలి. "నా వివరాలు తీసేయండి" అని ఎవరైనా అడిగితే రెండు చోట్ల వెతకాలి. రేపు ఆ సేవ మానుకుంటే అందులోని మెయిళ్లన్నీ బయటికి తెచ్చుకోవడం ఇంకో పెద్ద పని.

ఇక్కడే బ్యాకప్ గురించి ఒక మాట. బ్యాకప్ ఆర్కైవ్ కాదు. సిస్టమ్ కూలిపోతే నిలబెట్టడానికి అది. ఏళ్ల తరబడి బ్యాకప్‌లు దాచుకుని అదే మా రిటెన్షన్ అనేవాళ్లుంటారు, వాళ్లకు ఒక్క మెయిల్ కావాలన్నా మొత్తం తిరగేయాలి. పైగా పాత బ్యాకప్ తెరిచిన రోజున, గడువు తీరి తీసేసినవన్నీ తిరిగొస్తాయి. బ్యాకప్ కొన్ని వారాలో, నెలలో ఉంటే చాలు.

మైక్రోసాఫ్ట్, గూగుల్: రెండు నియమాలు తగువుపడితే

రెండు వేదికలూ పనికొస్తాయి. దీనికోసం ఒకదాన్నుంచి ఇంకోదానికి మారనక్కర్లేదు. కానీ ఒకే మెయిల్‌కి రెండు నియమాలు తగిలినప్పుడు ఏది నెగ్గుతుందన్న దగ్గర రెండింటికీ తేడా ఉంది, అది తెలియకపోతే ప్రమాదం.

మైక్రోసాఫ్ట్‌లో ఉంచమనే నియమం డిలీట్ చేయమనే నియమం మీద నెగ్గుతుంది. ఉంచమనేవి రెండుంటే ఎక్కువ కాలం చెప్పింది నెగ్గుతుంది. అంటే పొరపాటు జరిగితే అది ఎక్కువ ఉంచే వైపే జరుగుతుంది. గూగుల్‌లో ఈ నియమాలు పెట్టే సాధనం వాల్ట్. అందులో అందరికీ వర్తించే డిఫాల్ట్ నియమం ఒకటి, కొందరికి విడిగా పెట్టే కస్టమ్ నియమాలు కొన్ని ఉంటాయి. కస్టమ్ నియమం వర్తించే చోట డిఫాల్ట్ పక్కకు తప్పుకుంటుంది, అది తక్కువ కాలానిదైనా సరే. సంస్థ అంతటికీ 7 ఏళ్లు అని పెట్టి, ఒక విభాగానికి పొరపాటున 1 ఏడు అని కస్టమ్ నియమం పెడితే ఆ విభాగానికి 1 ఏడే. గడువు దాటిన మెయిళ్లు నియమం సేవ్ చేయగానే శాశ్వతంగా పోవడం మొదలవ్వొచ్చు, వెనక్కి తేలేరు. వాల్ట్‌లో నియమం మార్చే ప్రతిసారీ ఇద్దరు అడ్మిన్లు కూర్చుని చూడాలి. ఒకరు టైప్ చేస్తే ఇంకొకరు గట్టిగా చదవాలి.

నిల్వలో కూడా తేడా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఉమ్మడి ఫైళ్ల నిల్వ షేర్‌పాయింట్‌లో పాలసీ కింద ఉన్న ఫైల్‌ని ఉద్యోగి తీసేసినా, దాని నకలు ప్రిజర్వేషన్ హోల్డ్ లైబ్రరీ అనే దాచిన చోట ఉంటుంది, ఆ స్థలం సైట్ కోటాలోనే లెక్కలోకి వస్తుంది. ఖాళీ చేశాం కదా, ఇంకా నిండిందని చూపిస్తోందేంటి అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. పాలసీ ఏదీ లేకపోతే షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్‌లో మొత్తం 93 రోజులు, జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి.

మైక్రోసాఫ్ట్ చాట్ యాప్ టీమ్స్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చాట్ సందేశాల నకళ్లు మెయిల్‌బాక్స్‌లో దాచిన ఫోల్డర్లో ఉంటాయి, చాట్‌లో పంపిన ఫైల్ పంపినవారి వన్‌డ్రైవ్ (సొంత ఫైళ్ల నిల్వ) లో ఉంటుంది. చాట్‌కి 7 ఏళ్లు, వన్‌డ్రైవ్‌కి 2 ఏళ్లు అని పెడితే, "జత చేసిన ఫైల్ చూడండి" అన్న వాక్యం 7 ఏళ్లు మిగులుతుంది, ఫైల్ మిగలదు. మెయిల్లో అటాచ్‌మెంట్‌కి బదులు లింకు పంపే అలవాటున్న చోటా ఇదే జరుగుతుంది.

హోల్డ్ లేకుండా ఏ డిలీట్ నియమమూ పెట్టొద్దు

హోల్డ్ అంటే కొన్ని మెయిళ్లు, ఫైళ్లు డిలీట్ కాకుండా ఆపి ఉంచే ఏర్పాటు. పై దారుల్లో ఏది ఎంచుకున్నా ఇది ముందు సిద్ధంగా ఉండాలి. కేసు వస్తుందని తెలిసిన క్షణం నుంచి దానికి సంబంధించినవేవీ చెరిగిపోకూడదు. లారా జుబులేక్ అనే ఉద్యోగిని యూబీఎస్ బ్యాంకు మీద వేసిన కేసులో 2003, 2004ల్లో అమెరికా న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ఇచ్చిన తీర్పులు దీన్ని స్పష్టం చేశాయి. నోటీసు చేతికొచ్చేదాకా ఆగడానికి లేదు, వివాదం రాబోతోందని అనుకోవడానికి కారణం ఉంటే చాలు. మైక్రోసాఫ్ట్‌లో, వాల్ట్‌లో రెండింటిలోనూ హోల్డ్ పెడితే అది మిగతా నియమాలన్నిటి మీదా నెగ్గుతుంది. మీరు తేల్చుకోవాల్సింది ఎవరు చెబితే, ఎంతసేపట్లో అడ్మిన్ ఆ హోల్డ్ పెడతాడన్నది. ఇద్దరి పేర్లు రాసిపెట్టుకోండి, ఒకరు సెలవులో ఉన్నా ఇంకొకరు ఉండేలా.

పాలసీ కాగితం మీదే ఉండి ఆపదప్పుడు గుర్తుకొస్తే ఎలా ఉంటుందో అమెరికా ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ కథ చూపిస్తుంది. అది ఆడిట్ చేసే ఎన్‌రాన్ కంపెనీ లెక్కల గొడవ ముదురుతున్న 2001 అక్టోబర్‌లో, పత్రాల పాలసీ పాటించండని సిబ్బందికి గుర్తుచేస్తూ లోపలి నుంచి మెయిల్ వెళ్లింది. ఆ తర్వాత పెద్ద ఎత్తున కాగితాలు చించారు. 2002లో ఆ సంస్థకు శిక్ష పడింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేనాటికి ఆ ఆడిట్ వ్యాపారం మిగల్లేదు. ప్రతి నెలా క్రమం తప్పకుండా, ఎవరూ చెప్పకుండానే జరిగే డిలీట్ మిమ్మల్ని కాపాడుతుంది. ఒక్కరోజున హఠాత్తుగా చేసే డిలీట్ అనుమానం తెస్తుంది.

మీ సంస్థకి ఏది?

50 మంది లోపు ఉన్నవాళ్లయితే, మెయిల్‌కి రెండు గడువులు, ఒకటి అందరికీ, ఒకటి అకౌంట్స్, హెచ్ఆర్, యజమానులకు. ఫైళ్లకు చోటుని బట్టి పాలసీ. ఒప్పందాలను, ఉద్యోగుల ఫైళ్లను మాత్రం డిలీట్ నియమం లేని విడి ఫోల్డర్లో పెట్టి, ఏడాదికోసారి ఒక మనిషి చూసి తీసేస్తే చాలు. లేబుళ్లు, సంఘటనలు అన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

కొన్ని వందల మంది ఉంటే మెయిల్‌కి పదవిని బట్టి మూడు అంచెలు, ఫైళ్లకు పాలసీతో పాటు నాలుగైదు సంఘటన లేబుళ్లు. నియంత్రణ సంస్థల కింద ఉన్నవాళ్లు దానికి విడి ఆర్కైవ్ కలుపుకోండి. మొదటి ఆరు నెలలు ఉంచే నియమాలే పెట్టి, హోల్డ్ ఒకసారి ఉత్తుత్తిగా పెట్టి చూసి, ఆ తర్వాత ఒక్క విభాగంతో డిలీట్ మొదలుపెట్టండి. ఐటీ విభాగంతోనే మొదలుపెడితే మంచిది, తేడా వస్తే వాళ్లే ముందు పట్టుకుంటారు.

ఉద్యోగి మానేసినప్పుడు ఏం చేయాలో కూడా ఈ దశలోనే రాసుకోవాలి. మైక్రోసాఫ్ట్‌లో ఖాతా తీసేసే ముందే పాలసీయో హోల్డో ఉంటే ఆ మెయిల్‌బాక్స్ ఇన్‌యాక్టివ్‌గా మారి, గడువు తీరేదాకా ఉంటుంది. ముందు లేకపోతే, 30 రోజులు దాటాక పెట్టడానికి మెయిల్‌బాక్సే ఉండదు. వన్‌డ్రైవ్‌కి డిఫాల్ట్‌గా 30 రోజులే, అడ్మిన్ దాన్ని 3650 రోజుల దాకా పెంచుకోవచ్చు. గూగుల్‌లో ఖాతా డిలీట్ చేయడానికి బదులు దాన్ని ఆర్కైవ్డ్ యూజర్‌గా మార్చండి, లేకపోతే వాల్ట్‌లో మీరు పెట్టిన గడువుకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.